ఎవరి తరఫున ఈ కోపం?

డోపింగ్‌లో పట్టుబడ్డ ఆటగాళ్లంటే నాకు ఒళ్లు మంట. అది నటన కాదు. ఒక తెలుగు దినపత్రికలో క్రీడల పేజీ చూసిన ఏళ్లన్నీ ఆ మంటతోనే పనిచేశాను. ‘డోప్ పరీక్షలో విఫలం’ అని ఏజెన్సీ వార్త రాగానే హెడ్డింగ్ దానంతటదే తయారైపోయేది. పరువు, మచ్చ, సిగ్గుచేటు, ద్రోహం లాంటి మాటలు వెతుక్కోకుండానే చేతికి తగిలేవి. నేను న్యాయం పక్షాన ఉన్నానని, మోసాన్ని భరించలేని స్వభావం నాదని నా గురించి నాకొక గట్టి నమ్మకం ఉండేది. ఉద్యోగం వదిలాక, తీరిక దొరికాక, ఆ నమ్మకాన్ని కొంచెం కదిపి చూశాను. అది నేననుకున్నంత గట్టిది కాదు.

ఆ కోపం మీద నాకు అనుమానం పుట్టించింది ఒక సంతోషం.

2014 జులైలో గ్లాస్గోలో కామన్వెల్త్ క్రీడలు జరిగాయి. మహిళల వెయిట్‌లిఫ్టింగ్ 53 కిలోల విభాగంలో మత్స సంతోషి కాంస్యం గెలిచింది. విజయనగరం జిల్లా కొండవెలగాడ అమ్మాయి. ఆ ఊళ్లో ఆడపిల్లలు బరువులెత్తడం ఎవరికీ వింత కాదు. సంతోషి ఎత్తింది మొత్తం 188 కిలోలు. నైజీరియా లిఫ్టర్ చికా అమలహా 196 కిలోలతో స్వర్ణం, పాపువా న్యూగినీకి చెందిన డికా టౌవా 193తో రజతం గెలిచారు. మన స్వాతి సింగ్‌ది నాలుగో స్థానం. కొద్ది రోజులకే ఇంకో వార్త వచ్చింది. అమలహా నమూనాలో నిషేధిత మందులు దొరికాయి, స్వర్ణం వెనక్కి తీసుకున్నారు. టౌవాకు స్వర్ణం, సంతోషికి రజతం, స్వాతికి కాంస్యం.

ఆ సాయంత్రం నేను డెస్క్‌లో అందరికీ టీ తెప్పించాను. మన అమ్మాయికి వెండి వచ్చింది, ఇంకో అమ్మాయికి కంచు వచ్చింది, పతకాల పట్టికలో ఒక అంకె పెరిగింది. అమలహాకు పదహారేళ్లని అదే వార్తలో రెండో పేరాలో ఉంది. చదివాను. ఆ వాక్యాన్ని తెలుగులో నేనే రాశాను కూడా. రాసి, పక్క వార్తకు వెళ్లిపోయాను. నాలో ఎక్కడా ఏమీ కదల్లేదు. మోసాన్ని సహించలేని మనిషిని కదా, ఆ రోజు నాకు రావాల్సిన కోపం ఏమైపోయింది? ఆ అమ్మాయి మీద కోపం రాకపోవడం దయ వల్లనైతే బాగుండేది. దయ కూడా కాదు. ఆమె చేసిన పని వల్ల నాకు లాభం కలిగింది, అంతే.

దానికి మూడేళ్ల ముందు ఇలాంటి వార్తకే నేను ఊగిపోయాను. 2010 అక్టోబరులో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో మన అమ్మాయిలు 4×400 మీటర్ల రిలేలో స్వర్ణం గెలిచారు. మంజీత్ కౌర్, సిని జోస్, అశ్విని అక్కుంజి, మన్‌దీప్ కౌర్. ముందు రోజే డిస్కస్‌లో మనవాళ్లు మూడు పతకాలూ ఊడ్చేశారు. 1958లో మిల్ఖా సింగ్ తర్వాత అథ్లెటిక్స్‌లో మనకు కామన్వెల్త్ స్వర్ణం రావడం అదే మొదలు. ఆ ఊపులో ఉన్నాం. రిలే నాటి రాత్రి టీవీ ముందు మేం అరిచిన అరుపులకు పక్క విభాగాల వాళ్లు కూడా లేచి వచ్చారు. ఆ తర్వాతి నెలలో గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లోనూ రిలే స్వర్ణం మనదే. పీటీ ఉష తరం తర్వాత ట్రాక్ మీద ఇంతటి సంబరం నేను చూడలేదు.

2011 జూన్ నెలాఖరు నుంచి ఒక్కొక్క పేరే బయటికి రాసాగింది. మన్‌దీప్, సిని, అశ్విని. వాళ్లతోపాటు శిబిరంలోని మరికొందరు. నమూనాల్లో అనబాలిక్ స్టెరాయిడ్లు. చైనాలో కొన్న జిన్‌సెంగ్ మాత్రలు కోచ్ ఇస్తే వేసుకున్నామని, అందులో ఏముందో తెలియదని అమ్మాయిలు చెప్పారు. ఉక్రెయిన్ కోచ్ యూరీ ఒగొరొద్నిక్‌ను ప్రభుత్వం తప్పించింది. జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ (నాడా) క్రమశిక్షణ కమిటీ ఏడాది నిషేధం విధిస్తే, 2012లో స్పోర్ట్స్ ఆర్బిట్రేషన్ కోర్టు దాన్ని రెండేళ్లకు పెంచింది. ఢిల్లీ, గ్వాంగ్‌జౌ స్వర్ణాలు మాత్రం వాళ్ల దగ్గరే ఉన్నాయి. ఆ పోటీల్లో చేసిన పరీక్షల్లో తప్పేమీ తేలలేదు కాబట్టి నియమం ప్రకారం అవి వాళ్లవే.

నియమం ఒప్పుకున్నా నేను ఒప్పుకోలేదు. నన్ను మోసం చేశారనిపించింది. ఇక్కడ ‘నన్ను’ అన్న మాట దగ్గర ఇప్పుడు ఆగిపోతున్నాను. ఆ పరుగులో మోసం జరిగి ఉంటే, మోసపోయినవాళ్లు పక్క లేన్లలో పరుగెత్తారు. శిబిరంలో ఈ అమ్మాయిల వెనక నిలబడి, జట్టులో చోటు దొరక్క ఇంటికి వెళ్లిపోయిన రన్నర్లున్నారు. వాళ్లలో ఒక్కరి పేరు కూడా నాకు గుర్తు రాలేదు. నా అరుపు వృథా అయింది, నా సంబరం చిన్నబోయింది, నేను పెట్టిన హెడ్డింగ్ నన్ను వెక్కిరిస్తోంది. నా మంటకు కారణాలివి. ఇంకో సంగతి. అదే ఢిల్లీ రిలేలో రెండో స్థానంలో వచ్చిన నైజీరియా జట్టు కూడా, ఒక సభ్యురాలు డోప్ పరీక్షలో విఫలమై, రజతం పోగొట్టుకుంది. ఆ వార్త మా పేజీలో రెండు వాక్యాలకు మించలేదు. దాన్ని కుదించింది నేనే, స్థలం లేక కాదు.

కోపమూ సంతోషమూ రెండూ ఒకే వేరు నుంచి వచ్చాయని ఒప్పుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది. క్రీడల రోజుల్లో రాత్రి పేజీ వదిలే ముందు చివరగా సరిచూసేది పతకాల పట్టిక. ఆ పట్టికలో మన వరస ఒక మెట్టు ఎక్కితే ఎవరో నా భుజం తట్టినట్టుండేది. నేను ఏనాడూ ఏ మైదానంలోనూ చెమటోడ్చింది లేదు. అయినా ఆ గెలుపులో నాకో వాటా ఉందని గట్టిగా అనుకునేవాణ్ని. ఆ వాటా పోయినప్పుడు కోపం, పెరిగినప్పుడు టీ. మందు తీసుకున్న మనిషి ఏమైందన్న ప్రశ్న ఈ లెక్కలోకి ఎప్పుడూ రాలేదు.

ఇంతలోనే ఇంకో అనుమానం. నన్ను నేను మరీ ఎక్కువగా దండించుకుంటున్నానా? మన ఊరి పిల్ల, మన దేశపు పిల్ల గెలవాలని కోరుకోవడం తప్పేమీ కాదు. ఆ కోరికే లేకపోతే ఆటలు చూసేవాళ్లే ఉండరు. సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరి 240 కిలోలెత్తి కాంస్యం గెలిచిన రోజున నాలో పొంగినది కల్మషమని నేననుకోను, ఎప్పటికీ అనుకోను. చిక్కు కోరికలో లేదు. మనవాళ్లు గెలిచినప్పుడు ఎలా గెలిచారని నేనెప్పుడూ అడగలేదు. దొరికిపోయినప్పుడు మాత్రమే అడిగాను. ఎలాగైనా గెలిస్తే చాలని నోటితో అన్నది లేదు గానీ, గెలుపు వెనక ఏముందో చూడకపోవడమూ ఆ మాట అనడమూ దాదాపు ఒకటే. నాలాంటివాళ్లు కోట్లమంది అలా చూడకుండా ఉంటే, శిబిరంలో మాత్రల సీసా మూత తిప్పే మనిషికి మా మౌనం అనుమతిలాగే వినిపిస్తుంది.

అమలహా నమూనాలో దొరికిన మందులు రెండు: అమిలోరైడ్, హైడ్రోక్లోరోథయాజైడ్. ఆ పేర్లు అప్పుడు నాకు కేవలం తెలుగులిపిలో సరిగ్గా రాయాల్సిన కష్టమైన పేర్లు. కొన్నేళ్ల తర్వాత నాకు బీపీ వచ్చింది. ఇప్పుడు రోజూ పొద్దున ఒక మాత్ర వేసుకుంటాను. ఆ స్ట్రిప్ వెనక వెండిరంగు రేకు మీద, కళ్లద్దాలుంటే తప్ప కనిపించని అక్షరాల్లో, టెల్మిసార్టన్ 40 మిల్లీగ్రాములు, హైడ్రోక్లోరోథయాజైడ్ 12.5 మిల్లీగ్రాములు అని ఉంటుంది. మొదటిసారి ఆ రెండో పేరు చదివినప్పుడు ఎక్కడో చూసినట్టనిపించింది. ఎక్కడ చూశానో గుర్తొచ్చేసరికి చేతిలో నీళ్ల గ్లాసు అలాగే ఉండిపోయింది.

ఇది ఒంట్లోని ఉప్పునూ నీటినీ మూత్రంగా బయటికి పంపే మందు. నాలాంటి వాళ్లకు బీపీ తగ్గిస్తుంది. బరువు విభాగాలుండే ఆటల్లో, త్రాసు ఎక్కే ముందు ఒకటో రెండో కిలోలు దించుకోవడానికి అడ్డదారి అవుతుంది. మూత్రం పలచబడితే దానిలోని ఇతర మందుల జాడ పట్టుకోవడం కష్టం కనుక ముసుగుగానూ పనికొస్తుంది. అందుకే ఇలాంటి మందులు ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) నిషేధిత జాబితాలో ఉన్నాయి. అరవై దాటినవాళ్ల మందుల డబ్బాలో ఉండాల్సిన మాత్ర పదహారేళ్ల పిల్ల ఒంట్లోకి ఎలా వెళ్లింది? ఎవరు ఇచ్చి ఉంటారు? ఏమని చెప్పి ఇచ్చి ఉంటారు? పత్రికలో పనిచేసేవాడికి వార్త చదవగానే రావాల్సిన మొదటి ప్రశ్నలివి. ఇవి నాకు నా మాత్ర చూసుకున్నాకే వచ్చాయి. నా ఒంటిదాకా వస్తే గాని ఎదుటివాళ్ల ఒళ్లు గుర్తురాని స్వభావం నాదన్నమాట.

అహంకారం సంగతి అలా ఉంచితే, నాలో ఇంకో దోషం ఉంది. బద్ధకం. డోపింగ్ తప్పని అన్నేళ్లు రాశాను గానీ, ఎందుకు తప్పో ఒక్కసారీ కూర్చుని ఆలోచించలేదు. డెస్క్‌లో కొత్తగా చేరిన కుర్రాడొకడు ఒక రాత్రి అడిగాడు. “సార్, ఎత్తైన కొండల మీద శిక్షణ తీసుకుంటే రక్తంలో ఎర్రకణాలు పెరుగుతాయి కదా. అది తప్పు కానప్పుడు అదే పని చేసే ఈపీవో ఇంజెక్షన్ తప్పెలా అవుతుంది?” నేను తలెత్తకుండానే, “రూలంటే రూలేనయ్యా, ముందు ఆ క్యాప్షన్ చూడు” అన్నాను. జవాబు తెలియనప్పుడు పెద్దరికాన్ని అడ్డం పెట్టుకోవడం నాకు అలవాటు. ఆ ప్రశ్న మాత్రం నాతోనే ఉండిపోయింది.

నిజానికి అది తేలికైన ప్రశ్న కాదు. ఫిన్లాండ్‌కు చెందిన ఈరో మాంటిరాంటా 1960ల్లో స్కీయింగ్‌లో మూడు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచాడు. దశాబ్దాల తర్వాత పరిశోధకులు చూస్తే, అతని కుటుంబంలో పుట్టుకతోనే ఒక జన్యుమార్పు ఉందని, దానివల్ల ఒంట్లో ఎర్రకణాలు మామూలు కంటే చాలా ఎక్కువగా తయారవుతాయని తేలింది. తర్వాతి రోజుల్లో అతనూ ఒక డోప్ పరీక్షలో పట్టుబడ్డాడు గానీ, ఈ జన్యువు మాత్రం ఎవరూ ఇంజెక్షన్‌తో ఎక్కించింది కాదు. పుట్టుకతో వస్తే వరం, సూదితో వస్తే నేరం. డబ్బున్న దేశం ఆటగాడికి డైటీషియన్, ఫిజియో, ఎత్తుప్రాంతపు గాలిని గదిలోనే సృష్టించే టెంటు. లేని దేశం ఆటగాడికి ఉడకబెట్టిన శనగలు. ఇదంతా సమానమేనా? వాడా నియమావళి కూడా ఏదో తేటతెల్లమైన గీత ఉందని చెప్పదు. ఆటతీరును పెంచే శక్తి, ఆరోగ్యానికి హాని, క్రీడాస్ఫూర్తికి విరుద్ధం అన్న మూడింటిలో రెండు వర్తిస్తే ఆ మందును జాబితాలో చేర్చవచ్చంటుంది. కెఫీన్ ఒకప్పుడు నిషేధం, 2004 నుంచి కాదు. గీతలు గీసేది మనుషులే, చెరిపేదీ వాళ్లే.

అయితే అంతా వదిలేస్తే పోలా? ఎవరిష్టం వాళ్లది అంటే సరిపోదా? ఒక దశలో నేను ఆ వాదానికి దాదాపు లొంగిపోయాను. నిజం చెప్పాలంటే, ఆలోచించే శ్రమ తప్పుతుందనే లొంగబోయాను. నన్ను ఆపింది కాల్విన్ స్మిత్ గురించి ఆలోచన. 1988 సియోల్ ఒలింపిక్స్ 100 మీటర్ల ఫైనల్ అనగానే అందరికీ గుర్తొచ్చేది బెన్ జాన్సన్, 9.79 సెకన్లు, స్టానోజొలాల్, మూడు రోజుల్లో గల్లంతైన స్వర్ణం. ఆ తర్వాత గుర్తొచ్చేది కార్ల్ లూయిస్. 9.99లో నాలుగో స్థానంలో వచ్చి, జాన్సన్‌ను తప్పించాక కాంస్యం అందుకున్నవాడు స్మిత్. అంతకు ఐదేళ్ల ముందు ప్రపంచ రికార్డు అతనిదే, 9.93. ఆ ఫైనల్ పరుగెత్తిన ఎనిమిదిమందిలో చాలామంది పేర్లు ముందో వెనకో ఏదో ఒక డోపింగ్ వివాదంలో వినిపించాయి. స్మిత్ పేరు వినిపించలేదు.

అలాంటి వరసలో నిలబడ్డ మనిషి ముందు మూడే దారులు. తనూ తీసుకోవాలి, లేదా ఓడిపోతూనే పరుగెత్తాలి, లేదా ఆట మానేయాలి. ‘ఎవరిష్టం వాళ్లది’ అన్న మాట మొదట తీసుకున్నవాడికి వర్తిస్తుందేమో గానీ, అతని పక్కవాడికి వర్తించదు. ఒకరి ఇష్టం మిగతా అందరి మెడ మీద కత్తి అవుతుంది. నాకు తప్పు ఇక్కడ కనిపిస్తోంది. అది గీత ఎక్కడ గీయాలన్నదానికంటే ముందరి సంగతి. ఏ గీతైనా సరే, దాన్ని నమ్మి దాని ఇవతల నిలబడ్డవాళ్లు నష్టపోకూడదు. ఇన్నేళ్ల నా కోపం వాళ్ల తరఫున వచ్చి ఉంటే దానికి విలువుండేది. వాళ్లెవరో కూడా నేను చూడలేదు. నాలుగో స్థానం గురించి రాయడానికి మా పేజీలో ఎప్పుడూ చోటుండేది కాదు. చోటు కావాలని నేనూ అడగలేదు.

ఇష్టం అన్న మాటనే పూర్తిగా లాగేసుకున్న చోటు తూర్పు జర్మనీ. అక్కడ ప్రభుత్వమే ఒక ప్రణాళిక ప్రకారం ఆటగాళ్లకు స్టెరాయిడ్లు ఇచ్చింది. హైదీ క్రీగర్ షాట్‌పుట్ క్రీడాకారిణి. పదహారేళ్ల ప్రాయం నుంచీ ఆమెకు నీలం మాత్రలు ఇచ్చారు, విటమిన్లని చెప్పి. అవి ఓరల్ ట్యురినబాల్ అనే స్టెరాయిడ్. 1986లో స్టుట్‌గార్ట్‌లో యూరోపియన్ చాంపియన్ అయింది. ఒంట్లో వచ్చిన మార్పులు, నొప్పులు ఆటను ముగించాయి. 1997లో లింగమార్పిడి చేయించుకుని ఆండ్రియాస్ అయ్యాడు. తాను ఎవరో తనకు తానుగా తేల్చుకునే అవకాశాన్ని ఆ మాత్రలు లాక్కున్నాయన్నది ఆయన బాధ. 2000లో బెర్లిన్‌లో జరిగిన విచారణలో క్రీడాధిపతి మన్‌ఫ్రెడ్ ఎవాల్డ్, వైద్యుడు మన్‌ఫ్రెడ్ హోప్నర్ దోషులుగా తేలారు. పడ్డవి సస్పెండెడ్ శిక్షలు. ఇద్దరూ జైలుకు వెళ్లలేదు.

ఈ కథ నేను చాలాసార్లు చెప్పాను, చాలా ఆవేశంగా చెప్పాను. ఎందుకంత ఆవేశం? తూర్పు జర్మనీ ఇప్పుడు లేదు. ఆ పాపం నాది కాదు, నా ప్రభుత్వానిది కాదు, నా పాఠకులది కాదు. దూరపు దుర్మార్గం మీద ఎంత మండిపడ్డా ఎవరికీ ఏమీ బాకీ పడం. కొండవెలగాడలో సంతోషిని దాటి వెండి గెలిచిన పిల్ల ఎవరైనా ఉండి, ఆమె చేతిలో నీలం మాత్రలు కనిపించి ఉంటే, నేను ఇంతే గట్టిగా అరిచేవాణ్నా? అరిచేవాణ్నని చెప్పడానికి నాకు ధైర్యం చాలడం లేదు.

దగ్గరి ఉదాహరణకు వస్తాను. 2023 సెప్టెంబరు, ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్స్ పోటీలు. స్టేడియం మరుగుదొడ్లలో వాడేసిన సిరంజీలు పడి ఉన్న వీడియో ఒకటి బయటికొచ్చింది. చివరి రోజు నాడా అధికారులు వచ్చారని తెలిసింది. పురుషుల 100 మీటర్ల ఫైనల్‌కు ఒకే ఒక్క కుర్రాడు వచ్చాడు. ఎనిమిది లేన్లలో ఒక్కడే పరుగెత్తాడు. జూనియర్ అమ్మాయిల స్టీపుల్‌ఛేజ్‌లో ఒక పిల్ల గీత దాటాక ఆగలేదు. నమూనా తీసుకోవాల్సిన అధికారి వెంటపడుతుంటే అలాగే పరుగెత్తుకుంటూ పోయింది. ఆ ఏడాది మన దేశంలో పరీక్షించిన 5,606 నమూనాల్లో 213 పాజిటివ్. 5,000కు పైగా పరీక్షలు చేసిన దేశాల్లో శాతం లెక్కన మనదే మొదటి స్థానం.

ఈ వార్త చదివినవాళ్లలో చాలామంది నవ్వారు. నేను మొదట తలదించుకున్నాను, మళ్లీ ఆ పాత పరువు బాధే. తర్వాత ఆ పరుగెత్తుకుంటూ పోయిన పిల్ల గురించి ఆలోచించాను. ఆమె ఒంట్లో ఏముందో ఎవరికీ తెలియదు, ఏమీ లేకపోవచ్చు కూడా. కానీ రాష్ట్రస్థాయి పోటీలో, టీవీలు చూపించని పోటీలో, సిరంజీలు వాడే అవసరం ఎవరికి, ఎందుకు వచ్చింది? ఒక సర్టిఫికెట్. దాంతో స్పోర్ట్స్ కోటాలో కాలేజీ సీటో, రైల్వేలోనో పోలీసుశాఖలోనో ఉద్యోగమో. ఇంట్లో అప్పులు, ఊళ్లో అంచనాలు, పదిమందిని పంపిస్తే నలుగురిని నిలబెడతాడని పేరుపడ్డ కోచ్. నా పతకాల పట్టిక ఆకలికి, ఆ ఇంటి ఆకలికి మధ్య దూరం చాలా ఉంది. వాళ్లది బతుకు, నాది సరదా. అయినా రెండూ ఆ పిల్ల మీదే పడ్డాయి. నిషేధం పడితే మోసేదీ ఆమే. ఒంట్లోకి ఏం వెళ్లినా బాధ్యత ఆటగాళ్లదే అన్నది డోపింగ్ నియమాలకు పునాది. ఆ నియమం లేకపోతే ప్రతివాళ్లూ తెలియదనే అంటారు, అదీ నిజమే. ఇక్కడ నాకు తేలిక తీర్పు దొరకడం లేదు.

తీర్పుల తొందర నాకు ఉందనడానికి సునీతా రాణి వార్త ఒక్కటి చాలు. 2002 బుసాన్ ఆసియా క్రీడల్లో 1500 మీటర్ల స్వర్ణం, 5000 మీటర్ల కాంస్యం గెలిచింది. నాండ్రోలోన్ దొరికిందని పతకాలు తీసేసుకున్నారు. తర్వాత ప్రయోగశాల పనిలో లోపాలు బయటపడి ఆమె నిర్దోషిగా తేలింది, పతకాలు తిరిగి ఇచ్చారు. ఆమె పట్టుబడ్డ వార్త పేజీ పైభాగాన పడింది. ఆమె నిర్దోషి అన్న వార్త కింద పడింది. అలా జరగడానికి వార్తల ప్రాధాన్యం అని ఒక పేరుంది. నా మనసులో జరిగింది వేరు. ఆమె తప్పు చేసిందన్న వార్త నాకు తీర్పరి కుర్చీ ఇచ్చింది. చేయలేదన్న వార్త ఆ కుర్చీలోంచి లేవమంది. లేవడం ఎవరికి ఇష్టం?

ఇన్ని ఆలోచించిన తర్వాతైనా నేను మారానా? నిరుడు క్రిస్టియన్ గ్కొలొమీవ్ అనే గ్రీకు ఈతగాడి వీడియో ఒకటి ఎవరో పంపారు. మందులు తీసుకోవడానికి బాహాటంగా అనుమతిచ్చే ‘ఎన్‌హాన్స్‌డ్ గేమ్స్’ నిర్వాహకులు 2025లో విడుదల చేసినది. 50 మీటర్ల ఫ్రీస్టైల్‌ను 20.89 సెకన్లలో ఈదాడు. అప్పటి ప్రపంచ రికార్డు 20.91. పది లక్షల డాలర్ల బహుమతి. అది చూడకూడదనుకున్నాను. చూశాను. చివరి పది మీటర్లలో నా ఊపిరి బిగిసింది. గోడ తాకగానే గడియారం వైపు చూశాను, అంకె చూసి ఒళ్లు పులకరించింది. పక్కన ఎవరూ లేరు, దేశం లేదు, పతకాల పట్టిక లేదు. నా వేడుకంతా పరువు కోసమేనని అనుకున్న నా లెక్క కూడా తప్పింది. మనిషి ఒళ్లు దాని హద్దు దాటడం చూడాలన్న ఒక ముతక ఆకలి నాలో దానికంటే అడుగున ఉంది. ఆ ఒంటికి తర్వాత ఏమవుతుందో ఆ క్షణంలో దానికి అక్కర్లేదు. మాత్రలు ఇచ్చేవాళ్లలో, కొనేవాళ్లలో, చివరికి వేసుకునేవాళ్లలో పనిచేసే ఆకలి ఇదే కాదా? వాళ్లనూ నన్నూ వేరు చేసే గోడ ఒకటుందని ఇన్నాళ్లూ నమ్మాను. ఆ గోడ ఎక్కడుందో చూపించమంటే ఇప్పుడు చూపించలేను.

డోపింగ్ తప్పు కాదని నేననడం లేదు. అది తప్పే, ముందుకంటే ఇప్పుడు ఇంకా గట్టిగా నమ్ముతున్నాను, ఎవరికి తప్పు జరుగుతోందో కొంచెం తెలిసింది కాబట్టి. మారింది ఒక్కటే. పట్టుబడ్డ ఆటగాళ్ల వార్త చదివినప్పుడు పెద్ద మాటలు నోటికి రావడం లేదు. కన్ను మాత్రం పాత అలవాటు మానలేదు, మొదట దేశం పేరు మీదికే వెళ్తుంది. ‘మనవాళ్లు కాదు’ అన్న చిన్న ఊరట ఇంకా కలుగుతూనే ఉంది. ఆ ఊరట కలిగాక మళ్లీ మొదటినుంచి చదువుతాను. వయసెంత, ఏ మందు, కోచ్ పేరు ఎక్కడైనా రాశారా, ఆ పోటీలో తర్వాతి స్థానం ఎవరిది అని వెతుకుతాను. కోచ్ పేరు చాలాసార్లు ఉండదు. నాలుగో స్థానం పేరు కోసం ఫలితాల జాబితా దాకా వెళ్లాల్సి వస్తుంది. వెళ్తున్నాను.